మా ఆయన నోట్లో మాక్రో

మాక్రో అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కంప్యూటర్లో ఒకే పనిని రోజుకు వందసార్లు చెయ్యాల్సి వస్తే, ఒకసారి రికార్డు బొత్తం నొక్కి ఆ పనిని మన చేత్తో చేసి చూపించాలి. తర్వాత ఆపు నొక్కాలి. ఇక అక్కణ్ణించి ఒక్క మీట తాకితే చాలు, మనం చేసినట్టే అది చేసుకుపోతుంది. మనం తప్పు చేసి చూపిస్తే తప్పే చేస్తుంది, ఏమాత్రం విసుక్కోకుండా చేస్తుంది.

నా పేరు మంగతాయారు. కాకినాడ కలెక్టరాఫీసు ఎదుటి వరసలో అర్జీలు టైపు చేసే బడ్డీ నాది. పంతొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలోనే ఉన్నాను. సోమవారం గ్రీవెన్స్, అంటే కలెక్టరు ఫిర్యాదులు వినే రోజున జనం పొద్దున్నే వచ్చి నా బల్ల చుట్టూ మూగుతారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, తిట్టేవాళ్లు తిడతారు. "ఆ సర్వేయరు గాడి చెయ్యిరిగిపోనూ, మా గట్టు తీసుకెళ్లి ఆళ్ల బావమరిది పొలంలో కలిపేశాడండీ, ఆడి అంతు చూడందే ఊరుకోనండీ, ఆయ్, అలాగే కొట్టండి" అంటాడు ఒకాయన. నేను కొట్టేది ఇంకోటి. "సరిహద్దు విషయమై తమరు విచారించి తగు న్యాయము చేయవలసినదిగా ప్రార్థన." చదివి వినిపిస్తే ఆయన తృప్తిగా తలూపుతాడు, తన మనసులో ఉన్నదే రాశాననుకుంటాడు.

ఈ పనికి నా దగ్గర ముప్పై మూడు మాక్రోలుండేవి. మా వరసలో ఇంకెవరి దగ్గరా అన్ని లేవు. తిట్లు ఏరిపారెయ్యడానికి ఒకటి. చెప్పిందే మూడుసార్లు చెబితే ఒకసారి ఉంచి మిగతావి తీసెయ్యడానికి ఒకటి. "ఒప్పుకోను", "కుదరదు", "ఊరుకోను" లాంటివి తగిలితే వాటి స్థానంలో "తమరి నిర్ణయమునకు కట్టుబడి ఉంటాను" అని పెట్టడానికి ఒకటి. ఎందుకంటే ఒప్పుకోను అనే మాట కంటపడితే ఏ ఆఫీసరైనా ఆ కాగితాన్ని కట్టలో అడుక్కి తోసేస్తాడు. జనం మేలు కోరే చేశాను. అది నా గొప్ప అనుకున్నాను కూడా.

మా ఆయన అబ్బులు జగన్నాథపురంలో లేతు మిషను మీద పనిచేసేవాడు. బోటు ఇంజన్లకు షాఫ్టులు తిప్పడంలో ఆయన చెయ్యి తర్వాతే ఎవరిదైనా. నోరు మాత్రం విప్పితే బూతు. షాఫ్టుని తిట్టేవాడు, వానని తిట్టేవాడు, దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి తిట్టేవాడు. మా అమ్మాయి సత్యవేణి పదో తరగతి మొదటి శ్రేణిలో పాసైతే, "దొంగ మొహమా, ఎవత్తె పేపర్లో చూసి రాశావే" అంటూ వీధంతా పాలకోవా పంచిపెట్టాడు. తిట్టలేదంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదని లెక్క. నాకు మాత్రం ఇరవై ఆరేళ్ల కాపురంలో నలుగురి ముందూ తలకొట్టేసినట్టుండేది.

రెండేళ్ల కిందట లేతు ముందే కూలబడ్డాడు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట పోయింది. మాట పోవడమంటే మతి పోవడం కాదు. అన్నీ లోపల ఉన్నాయి, బయటికొచ్చే దారే లేదు. నీళ్లు అనబోతే తలుపు అనేవాడు, అలా అన్నానని తెలిసి తల బాదుకునేవాడు. ఆఖరికి అదీ పోయి నోరే మెదలకుండా అయింది. సరే, తలైనా ఊపుతాడు కదా అంటారేమో. అవునన్నా కాదన్నా ఒకేలా ఊపేవాడు. ఈ జబ్బులో తలూపడాన్ని నమ్మకూడదని డాక్టర్లే చెప్పారు.

ఆ డాక్టర్లలో ఒకరు హైమావతిగారు. బీచి రోడ్డులో కొత్తగా కట్టిన పరిశోధన కేంద్రంలో ఆవిడ ఏడేళ్లుగా ఒకే పని మీద ఉన్నారు. ఉల్లిపొరంత పల్చటి రేకుని మెదడు మీద పరుస్తారు. మనిషి అనాలనుకున్న మాట నోటిదాకా రాకముందే రేకు దాన్ని పట్టుకుంటుంది. నడుముకి కట్టిన చిన్న పెట్టె ఆ మాటని బయటికి పలుకుతుంది. మా ఆయనకు ఆపరేషను చేసి ఆ రేకు పరిచారు. ఆయన పాత ఫోను కబుర్లు సంపాదించి, అచ్చం ఆయన గొంతే అందులో పెట్టారు.

చిక్కల్లా ఏమిటంటే, రేకు పట్టుకొచ్చేది మాట కాదు, మాటల కుప్ప. పదింట్లో నాలుగు సరైనవి, మిగతావి పక్కింటివి. చెప్పిందే నాలుగుసార్లు. ఆ కుప్పని సర్దడానికి ఆవిడ దగ్గరున్న ప్రోగ్రాములేవీ మా ఆయన తెలుగు ముందు పనిచెయ్యలేదు.

"ఈయన మనసులో ఏముందో అందరికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?" అని అడిగారు హైమావతిగారు.

"నాకేనండీ" అన్నాను. "కుప్పల్ని సర్దడమే నా పని కూడానండీ."

అలా నన్ను తెర ముందు కూర్చోబెట్టారు. పై వరసలో ఆయన మాటల కుప్ప వస్తుంది, కింది వరసలో నేను దిద్దాలి. నేను దిద్దిందే పెట్టె పలుకుతుంది. నా దిద్దుబాటంతా యంత్రం రికార్డు చేసుకుంటుంది. "మీరు దిద్దుకుంటూ పోండి తాయారమ్మగారూ, కొన్నాళ్లకి మీరు లేకపోయినా మీలాగే దిద్దుతుంది" అన్నారావిడ. నాకు వివరించాల్సిన పనే లేకపోయింది. ముప్పై నాలుగో మాక్రో అనుకున్నాను.

మొదటి రోజు తెర మీద వచ్చింది ఇది: తలుపు తలుపు నీళ్లు ఏవే గొట్టం నీళ్లు దరిద్రం నీళ్లు. నేను కింద కొట్టాను: తాయారూ, కొంచెం మంచినీళ్లిస్తావా? పెట్టె ఆయన గొంతుతో ఆ మాట అంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, హైమావతిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. ఇరవై ఆరేళ్లలో ఆ మనిషి నన్ను అలా నీళ్లడగలేదు. ఆయనకు మాటొచ్చిందని ఏడ్చానా, అలాంటి మాటొచ్చిందని ఏడ్చానా అన్నది అప్పుడే ఆలోచించుకుని ఉండాల్సింది.

ఐదో రోజున పై ఊరి నుంచి ఎవరో పెద్ద ఆఫీసర్లు చూడ్డానికొచ్చారు. అప్పటికే మూడు గంటలుగా ఆయన తలకి తీగలు పెట్టి ఉన్నాయి. "ఇంకో గంట చేద్దామా అబ్బులుగారూ?" అని అడిగారు హైమావతిగారు. తెర మీద వచ్చింది: చాలు చాలు ఆపండి దొంగ వెధవల్లారా తీగలు ఒప్పుకోను ఆపు సంత ఒప్పుకోను. నా చెవులు వేడెక్కిపోయాయి. సూట్లు వేసుకున్నవాళ్లు నా వెనకే నిలబడి చూస్తున్నారు. నా వేళ్లు వాటంతటవే కదిలాయి. "కాస్త అలసటగా ఉందండీ. అయినా మీ ఇష్టం."

"ఎంత ఓపికండీ ఈయనకి" అన్నాడు ఆఫీసరు. ఇంకో గంట చేశారు. ఆయన నా వైపు తల తిప్పి చూశాడు. అలసిపోయాడు పాపం అనుకున్నాను. అలాంటి దిద్దుబాట్లు తర్వాత నాలుగైదు చేశాను. మూడు వారాలయ్యాక తెర తీసేశారు. ఇక నేను అక్కర్లేదు, పెట్టెలో నేనున్నాను.

పెట్టెతో ఇంటికొచ్చాం. ఇరుగూ పొరుగూ చూడ్డానికొస్తే, "రండి, కూర్చోండి, బాగున్నారా" అంది పెట్టె. ఎదురింటి వెంకాయమ్మగారు ముక్కు మీద వేలేసుకుంది. "ఏంటే తాయారూ, మీ ఆయనేనా? ఆసుపత్రోళ్లు మనిషిని మార్చేశారేంటే" అంది. నేను నవ్వాను. నిజం చెప్పాలంటే నా కాపురంలో అంత మంచి రోజులు లేవు. సాయంత్రం తలదువ్వుకుని, పూలు పెట్టుకుని ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. "ఈ చీర నీకు బాగుంది" అనేది పెట్టె. "నీకు శ్రమ ఇస్తున్నాను" అనేది. నేను సిగ్గుపడేదాన్ని, యాభై ఏళ్ల మనిషిని. రానురానూ ఆయన మాట్లాడడం తగ్గించాడు. ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునేవాడు. శాంతం వచ్చిందనుకున్నాను.

సత్యవేణి సామర్లకోటలో బడిపంతులమ్మ. ఆదివారాలు వచ్చి వెళ్తుంది. ఒక ఆదివారం వంటింట్లోకొచ్చి నా చేతిలో గరిటె లాక్కుని పక్కన పెట్టింది.

"అమ్మా, నాన్న నన్ను తిట్టి ఎన్నాళ్లయ్యిందో తెలుసా నీకు?"

"తిట్టకపోతే మంచిదేగా" అన్నాను.

"ఉద్యోగం మానేశానని చెప్పానమ్మా ఇప్పుడు. మాన్లేదు, ఊరికే చెప్పాను. ఏమన్నాడో తెలుసా? నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి తల్లీ, అన్నాడు. నన్ను తల్లీ అనడం ఎప్పుడైనా విన్నావా నువ్వు? ఆ మాట అంటుండగా నాన్న కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి."

"ప్రేమతో వచ్చుంటాయి."

"ఆ పెట్టెలోంచి మాట్లాడేది నువ్వమ్మా. నాన్న కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను పడ్డ కష్టమంతా ఏకరువు పెట్టాను. తండ్రి గొంతు మళ్లీ వింటున్నావంటే ఎవరి చలవే అని అడిగాను. సత్యవేణి బస్సుకి వెళ్లిపోయింది. దానికి అసూయ అని కూడా అనుకున్నాను, అంత మూర్ఖత్వం నాది.

మర్నాడు హైమావతిగారు పిలిపించారు. రెండో ఆపరేషను సంగతి. పెట్టెని చిన్నది చేసి మెడ కింద చర్మంలో పెట్టేస్తారు. ఇక నడుముకి కట్టనక్కర్లేదు, ఛార్జింగు గొడవ లేదు, బతికున్నంతకాలం మాట ఉంటుంది. కాకపోతే మాక్రో కూడా అందులో అచ్చుపోసినట్టు బిగిసిపోతుంది. తర్వాత మార్చడానికి వీల్లేదు. కెమెరా పెట్టి ఆయన్ని అడిగారు: "మీకు సమ్మతమేనా అబ్బులుగారూ?"

"మీరు పెద్దవారు" అంది పెట్టె. "అంతా మీ ఇష్టం. తమరి నిర్ణయానికి కట్టుబడి ఉంటాను."

అది నా వాక్యం. నా బడ్డీలో వేలసార్లు కొట్టిన వాక్యం. కట్టుబడి అనే మాట మా ఆయన పుట్టి బుద్ధెరిగాక అని ఉండడు. ఆయన ముఖం చూశాను. ఎడమ చెయ్యి పిడికిలి బిగిసి ఉంది, మెడ నరాలు పొంగి ఉన్నాయి. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి అలా ఉండడు.

"డాక్టరుగారూ, ఆయన అసలేమన్నాడో ఆ పై వరస నాకోసారి చూపించండి" అన్నాను.

ఆవిడ వెనకాడారు. తర్వాత తెర నా వైపు తిప్పారు. అక్కడ ఉన్నది ఇది: వద్దు వద్దు ఇలా వద్దు గాడిద ఇలా మాట నాది కాదు నాది కాదు షాఫ్టు వద్దు.

వెనక్కి జరుపుకుంటూ పోయాను. నిన్నటిది, మొన్నటిది, నలభై రోజులది. చీర బాగుందన్న సాయంత్రం ఆయన అన్నది: చీర లాగు నోట్లోంచి లాగు తాయారు లాగు ఊపిరి. తల్లీ అన్న రోజున అన్నది: దొంగ మొహం ఉద్యోగం పళ్లు రాలగొడతా ఉద్యోగం. ప్రతి రోజూ ఎక్కడో ఒక చోట, మాట నాది కాదు. నలభై రోజులుగా ఆ మనిషి లోపల అరుస్తున్నాడు. ఆ అరుపులన్నీ నేను మర్యాదగా దిద్ది బయటికి పంపిస్తున్నాను. పక్కన స్టూలేసుకుని, పూలు పెట్టుకుని.

"మాక్రో ఆపండి" అన్నాను.

హైమావతిగారు ఒక బొత్తం నొక్కి, ఆ గదిలో ఉన్నంతసేపు దాన్ని పక్కకు తప్పించారు. నేను ఆయన ముందు కూర్చున్నాను. "ఆపరేషను వద్దాండీ?" అని అడిగాను. పెట్టె ఇరవై క్షణాలు గరగరమంది. "కావాలి" అంది. "పెట్టె కావాలి కావాలి బల్ల. నువ్వు వద్దు. నా నోట్లో నువ్వు వద్దే గొట్టం వద్దే."

హైమావతిగారు కుర్చీలో వెనక్కి వాలి ముఖం రుద్దుకున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఏడేళ్ల పని, ఈ విడత ప్రయోగానికి మా ఆయనే ఆఖరి రోగి. "మాక్రో తీసేస్తే మిగిలేది కుప్పే తాయారమ్మగారూ" అన్నారు. "గురువారం ఇలాంటి ఆపరేషన్లకు అనుమతిచ్చే కమిటీ వస్తుంది. అర్థమయ్యే మాటల్లో ఒప్పుకుంటేనే లోపల పెట్టాలని నిబంధన. ఇలా మాట్లాడితే ఒప్పుకోరు. అప్పుడు రేకు కూడా తీసెయ్యాలి, ఊరికే మెదడు మీద ఉంచకూడదు. ఇక మాట ఉండదు."

"తిట్లు తీసేసేదీ, మీ ఇష్టం అనేదీ మాత్రం తీసేసి, మాటల వరస సర్దేది ఉంచండి" అన్నాను.

"అలా విడదియ్యలేమండీ. మీ బడ్డీలో మీటకో మాక్రో. ఇక్కడ అది మిమ్మల్ని మొత్తంగా నేర్చుకుంది. అందులో ఇద్దరు తాయారమ్మలు లేరు."

బయటికొచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. మాక్రో ఉంటే ఆయనకు మాట ఉంటుంది, కానీ అది నాది. మాక్రో తీసేస్తే మాట ఆయనది, కానీ ఉండదు. రెండు వైపులా తలుపులు మూసింది నేనే. లోపలికెళ్లి, "తెర మళ్లీ పెట్టండి" అన్నాను. "నేర్పింది నేను కదా, మాన్పించేదీ నేనే. గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి. మాటలు చెప్పీ చెప్పీ ఆయనే తన కుప్ప సర్దుకుంటాడేమో చూద్దాం. చిన్నపిల్లలు నేర్చుకోవట్లేదా?"

ఆ మూడు రోజులూ నా పని ఏమిటంటే ఏమీ చెయ్యకపోవడం. పై వరసలో ఏదొస్తే అది, ఒక్క చుక్క మార్చకుండా, ఉన్నదున్నట్టు కిందికి పంపించే మీట నొక్కాలి. దిద్దకపోవడాన్ని యంత్రానికి చూపించాలి. పంతొమ్మిదేళ్ల పనిలో ఇంత కష్టమైన పని నేను చెయ్యలేదు. మీకోసం ఇక్కడ సర్ది రాస్తే మళ్లీ అదే తప్పవుతుంది. అందుకని వచ్చింది వచ్చినట్టే రాస్తున్నాను.

పూలు పూలు పక్కన కూచుని నీతో నువ్వే మాట్లాడుకో నీతో నువ్వే నేను స్టూలు.

నొక్కాను.

సిగ్గు సిగ్గు నీకు నేనంటే సిగ్గు ఇరవై ఏళ్లు బకెట్ సిగ్గు.

అది కూడా నొక్కాను. అది నిజమే. రెండో రోజు మధ్యాహ్నం ఇంకోటొచ్చింది: రాలేదు నువ్వు లేతు కాడికి ఆ రోజు రాలేదు పడ్డాను రాలేదు. ఇది అబద్ధం. ఫోనొచ్చిన నిమిషానికి బడ్డీ తెరిచి ఉండగానే వదిలేసి, కలెక్టరాఫీసు నుంచి జగన్నాథపురం వంతెన దాటి లేతు దాకా చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆయనకు అప్పటికి స్పృహ లేదు. రాలేదు అన్న మాటని వచ్చావు అని మారిస్తే తప్పేముంది, అది నిజమే కదా అని నా వేళ్లు కొట్టుకున్నాయి. హైమావతిగారు నా భుజం మీద చెయ్యేశారు. ఉన్నదున్నట్టు నొక్కాను. పెట్టె ఆయన గొంతుతో, నేను రాలేదని గదంతా వినిపించేలా చెప్పింది. నాకు ఏడుపాగలేదు.

బుధవారం సాయంత్రానికి పెట్టెలో నేను దాదాపు మిగల్లేదు. ఆయన మాటలు కొంచెం తెరిపినపడ్డాయి కూడా. పదింట్లో నాలుగు ఆరయ్యాయి. ఆకలేసినప్పుడు అన్నం అని, కోపమొస్తే వెధవ అని, రెండింటినీ సరిగ్గా అన్నాడు. హైమావతిగారు మొదటిసారి నవ్వారు.

గురువారం కమిటీ కూర్చుంది. ఐదుగురు. మధ్యలో తెల్ల జుట్టు పెద్దాయన. ఆయన మర్యాదస్థుడే. నెమ్మదిగా, విడివిడిగా అడిగారు: "అబ్బులుగారూ, ఈ పెట్టెని మీ ఒంట్లో పెట్టడానికి మీరు ఒప్పుకుంటున్నారా?"

మా ఆయన ముఖం ఎర్రబడింది. అంతమంది కళ్లు తన మీద ఉండేసరికి లోపల మాటలన్నీ ఒక్కసారి తోసుకొచ్చినట్టున్నాయి. "పెట్టు పెట్టండి" అంది పెట్టె. "గాడిద లోపల పెట్టండి తాయారు వద్దు నాది వద్దు వద్దు షాఫ్టు పెట్టండి."

"పెట్టమంటున్నాడా, వద్దంటున్నాడా?" అన్నారు పెద్దాయన పక్కనున్నావిడతో. మళ్లీ అడిగారు. ఈసారి ఇంకా చెదిరిపోయింది. ఆయనకు కోపమొస్తున్నకొద్దీ మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

పెద్దాయన నా వైపు తిరిగారు. "అమ్మా, మీకు ఈయన మాట అర్థమవుతుందని డాక్టరుగారు చెప్పారు. ఏమంటున్నారో మీరు చెప్పండి. మీరు చెప్పింది రాసుకుంటాం."

అందరూ నన్నే చూస్తున్నారు. నాకు స్పష్టంగా అర్థమైంది. ఆపరేషను చెయ్యండి, మా ఆవిడ మాక్రో మాత్రం వద్దు, మాట నాది నాకివ్వండి. ఒక్క వాక్యం. అలాంటి వాక్యాలు నిద్రలో కూడా కొడతాను. ఒళ్లో నా వేళ్లు కదులుతూనే ఉన్నాయి. హైమావతిగారి కళ్లు చెప్పమని బతిమాలుతున్నాయి. ఆయన వైపు చూశాను. ఆయనా నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. ఐదో రోజున కూడా ఇలాగే చూశాడు, అప్పుడు నాకు తోచిన అర్థం చెప్పుకున్నాను. నా నోట్లో నువ్వు వద్దే అన్నాడు కదా. మళ్లీ దూరితే ఇక ఈ మనిషి నన్ను క్షమించడని భయమేసింది.

"ఆయన్నే అడగండి బాబూ" అన్నాను. "ఆయన మాటల్లోకి నేను రాకూడదు."

ఇంకో మూడుసార్లు అడిగారు. పదకొండు నిమిషాలు. ఆఖరిసారి పెట్టెలోంచి తిట్లు తప్ప ఇంకేమీ రాలేదు. సమ్మతి స్పష్టంగా లేదని రాసి, ఐదుగురూ సంతకాలు పెట్టారు. ఇవాళ్టి నుంచి ఇరవయ్యో రోజున రేకు తీసెయ్యాలన్నారు. అంతవరకు పెట్టె ఉంచుకోవచ్చని దయతలిచారు. హైమావతిగారు తన ఫైలు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. సెలవు పెట్టి వచ్చిన సత్యవేణి ఆయనకు అటు, నేను ఇటు. గోతిలో చక్రం పడితే పెట్టె ఆటో అతన్ని ఒక దులుపు దులిపింది. అతను వెనక్కి చూసి నవ్వేశాడు. సత్యవేణి నవ్వితే దాన్నీ వదల్లేదు, "పళ్లు పళ్లు దొంగ మొహం పళ్లు మూసుకో" అంది. సత్యవేణి తండ్రి భుజం మీద తలపెట్టి, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా ఉండిపోయింది. నాకు కాస్త ఊపిరాడింది. సరైన పనే చేశాను, ఈ ఇరవై రోజులైనా తన మాట తను మాట్లాడతాడు అనుకున్నాను.

వంతెన ఎక్కాక ఆయన నా వైపు తిరిగాడు.

"చెప్పాల్సింది" అంది పెట్టె.

గరగర లేదు, మధ్యలో అడ్డం వచ్చిన మాట లేదు.

"ఏంటండీ?"

"అక్కడ. నువ్వు. ఒక్క ముక్క చెప్పాల్సింది."

"మీరే కదండీ వద్దన్నారు. మీ నోట్లో నన్ను ఉండొద్దన్నారు. అందుకనే కదండీ నేను..."

ఆయన ఎడమ చెయ్యెత్తి ఆపమన్నట్టు ఊపాడు. పెట్టె కొంచెంసేపు తడుముకుంది. "నోట్లో వద్దన్నా. పక్కన వద్దన్లేదు." మళ్లీ కాసేపాగి, "పక్కన స్టూలు పక్కన కూచుని మూసుకున్నావ్ నోరు. ఇప్పుడా. ఇప్పుడా నోరు మూసుకునేది తాయారూ."

ఊళ్లో ఎవరెవరి తరఫునో ఎన్ని వేల అర్జీలు కొట్టానో లెక్కలేదు. అడక్కుండానే ఈయన నోట్లో దూరి నలభై రోజులు మాట్లాడాను. ఈయన తరఫున మాట్లాడమని ఐదుగురు పెద్దలు అడిగినప్పుడు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెనక్కి వెళ్లి చెబుతానన్నా వినేవాళ్లు లేరు, ఈపాటికి వాళ్ల కార్లు రాజమండ్రి రోడ్డెక్కి ఉంటాయి. ఆయన చెయ్యి పట్టుకోబోతే పిడికిలి విప్పలేదు.

వంతెన దిగాక ఆటో అతను ఏ సందులోకి తిప్పాలని అడిగాడు. ఆయనా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. సత్యవేణే చెప్పింది.